గాలుండగా ఆగిన గాలిమర

ఆ టవర్ ఎక్కొద్దు బాబూ. ఆ బెల్టూ, ఆ తాళ్ళూ తీసుకెళ్ళి మళ్ళీ వ్యాన్‌లో పడెయ్. పైన చెడిపోయిందేమీ లేదు.

అదే మరి, నాకు ఒళ్ళు మండేది. రండి రండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నన్నాళ్ళూ ఒక్కరూ రాలేదు. మెయిల్ పెడితే టికెట్ ఓపెన్ చేశాం అంటారు. ఫోన్ చేస్తే ఆ రికార్డింగ్ ఎత్తుతుంది, మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని. అంత ముఖ్యమైతే మనిషే ఎత్తొచ్చుగా? ఇప్పుడు, అక్కర్లేదు రావద్దు అని మెసేజ్ పెట్టాక, మీ శాన్ రామన్ ఆఫీసు నుంచి ఈ నెవాడా ఎడారి దాకా డ్రైవ్ చేసుకుంటూ ఊడిపడ్డావు.

చూళ్ళేదా? సర్లే. ఈ దారిలో సిగ్నల్ ఎక్కడ ఏడిసింది గనక.

రా, లోపలికి రా. ఇక్కడ నిలబడితే గాలికి చెవులు పోతాయి. టీ పెడతాను. నేనే పెడతాను, మీ ఆంటీ ఇంట్లో లేదు. ఎక్కడికెళ్ళిందో చెప్తాను. అసలు చెప్పాల్సిందంతా అదే.

ముందు ఒకమాట. నిన్ను అనుమానించాను తేజేశ్వర్. మొహమాటం లేకుండా చెప్తున్నా. మొట్టమొదట అనుమానించింది నిన్నే.

ఎందుకు అనుమానించకూడదూ? ఈ కుర్చీలోనే కదా కూర్చుని చెప్పావు. అంకుల్, పగలు ఎండ పని చేస్తుంది, మబ్బు పట్టినా చీకటి పడినా గాలి పని చేస్తుంది, ఒకటి పడుకుంటే ఇంకోటి లేస్తుంది, మీ డీజిల్ జనరేటర్ మూల పడి తుప్పుపడుతుంది చూడండి అని. నమ్మాను. నమ్మక చేసేదేముంది? ఇక్కడికి కరెంటు లైన్ లేదు. ఎనిమిది గదుల మోటెల్ కోసం కొండ అవతల నుంచి స్తంభాలు పాతుకుంటూ ఎవడొస్తాడు? కొన్నప్పట్నుంచీ డీజిల్ మీదే బతుకు. మంచు పడి ట్యాంకర్ ఆలస్యమైతే నాకూ మీ ఆంటీ పద్మజకీ ముద్ద దిగేది కాదు.

నీకు తెలియదేమో, జెర్సీ సిటీలో ఉన్నప్పుడు బ్యాంకులో నా పనే అనుమానించడం. ఎవరి కార్డు ఎక్కడ గీకారు, గీకింది వాళ్ళేనా, దొంగెవడైనానా అని స్క్రీన్ ముందు కూర్చుని వెతకడం. ఇన్నేళ్ళు అదే పని చేస్తే మనిషికి వేరే చూపు మిగలదు బాబూ. ఎవరైనా నవ్వుతూ గుడ్ మార్నింగ్ అంటే, ఎందుకన్నాడు అనిపిస్తుంది. ఆ ఉద్యోగం పోయింది. మొత్తం డిపార్ట్‌మెంటునే ఎత్తేశారు. ఈ వయసులో మళ్ళీ ఇంటర్వ్యూలేమిటని ఈ మోటెల్ కొనుక్కుని ఇక్కడికొచ్చి పడ్డాం. ఉద్యోగం పోయింది గానీ చూపు పోలేదు.

సరే. నువ్వు కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పరిచావు. తూర్పు కంచె దగ్గర మిట్ట మీద గాలిమర నిలబెట్టావు. గాలి అక్కడే బాగుందని నువ్వే సెన్సర్ పెట్టి చెప్పావు, నేను సరేనన్నాను. ఫోన్‌లో యాప్ వేసిచ్చావు. పసుపుపచ్చ గీత ఎండ, నీలం గీత గాలి. ఎండాకాలమంతా నాకు అదే సినిమా. ఆ రెండు గీతలూ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. రెండూ కలిసి బ్యాటరీ నింపుతుంటే, పొలంలో నీళ్ళు పారుతున్నట్టు ఉండేది కడుపులో.

చలి మొదలయ్యాక వచ్చింది తంటా. నీలం గీత మధ్యాహ్నం భోజనాలయ్యాక పడుకునేది. సాయంత్రం పొద్దు వాలేటప్పుడు లేచేది. రోజూ కాదు. ఒకరోజు పడుకునేది, ఒకరోజు బాగానే ఉండేది, తర్వాత వరసగా పడుకునేది.

గాలి లేదా అంటే, ఉంది. ఇక్కడ గాలి లేని మధ్యాహ్నం ఉంటుందా? గుమ్మం ముందు జెండా చిరిగిపోతోంది.

నేను లేచి చూసేసరికి మాత్రం మర శుభ్రంగా తిరుగుతూ ఉండేది. భోంచేసి ఓ కునుకు తీస్తాను కదా, ఆ టైంలో ఆఫీస్‌లో పద్మజ ఉంటుంది. లేచి కిటికీలోంచి చూస్తే తిరుగుతోంది. యాప్ చూస్తే ఇందాకటిదాకా తిరగలేదంటోంది. మరి ఎవరు అబద్ధం? మర అబద్ధం ఆడదు. యాప్ మీది. కాబట్టి మీరే అనుకున్నాను. ఆఫీసులో కూర్చుని ఏదో నొక్కి ఆపుతున్నారు, బ్యాటరీ చాలట్లేదు అంకుల్, ఇంకోటి వేసుకోండి అనడానికి ఎత్తు వేస్తున్నారు అనుకున్నాను.

నవ్వకు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో కూడా రాశాను, వీళ్ళ దగ్గర కొనేముందు ఆలోచించుకోండి అని. తీసేశాలే. తీసేసినా చూసినవాళ్ళు చూసే ఉంటారు. ఏం చెయ్యను చెప్పు.

పంచదార సరిపోయిందా?

తర్వాత అనుమానం నీ మీంచి లేచి కంచె దాటింది. అదుగో, ఆ కిటికీలోంచి కనిపిస్తుంది చూడు, మిట్టకి అవతల, ఆకుపచ్చ రేకుల కప్పు. అది హార్లన్ ఇల్లు. పశువులు మేపుకునే మనిషి. ఆయనా, ఆయన భార్య లొరెట్టా. ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? వాళ్ళకి మేము, మాకు వాళ్ళు. అయినా మాటల్లేవు.

ఎందుకు లేవంటే, నువ్వు టవర్ కాంక్రీట్ పోసిన రోజున ఆయన కంచె దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. ఇది చప్పుడు చేస్తుందా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు, ఇప్పుడు తలుచుకుంటే. నాకు మాత్రం ఎలా వినిపించిందంటే, ఎక్కడినుంచో వచ్చి మా ఊళ్ళో మరలు పెడుతున్నావా అన్నట్టు వినిపించింది. నా స్థలం, నా పర్మిట్, చప్పుడు చేస్తే నేను వింటాను అన్నాను. ఆయన టోపీ కాస్త కిందకి లాక్కుని వెళ్ళిపోయాడు. అంతే మా పరిచయం.

ఒకరోజు గ్యాస్ ట్రక్ వస్తుందని నేను పడుకోలేదు. బయట నిలబడి చూస్తున్నాను. చూస్తూ ఉండగా నా కళ్ళ ముందే మర నెమ్మదించింది. నెమ్మదించి నిలబడిపోయింది. అటు జెండా చూస్తే టపటపా కొట్టుకుంటోంది. చెప్పుల్లోనే పరిగెత్తాను మిట్ట మీదకి. వెళ్ళేసరికి ఎవరున్నారనుకున్నావు? కంచెకి అవతల హార్లన్. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, తలెత్తి, మన మర కేసి చూస్తున్నాడు. నన్ను చూశాడు. తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన అటు తిరిగాడో లేదో, మర మళ్ళీ తిరగడం మొదలెట్టింది.

ఇంకేం కావాలి నాకు? జేబులో ఏదో పెట్టుకుని నొక్కుతున్నాడు అనుకున్నాను. ఏం నొక్కుతాడని అడగవేం? నాకు మాత్రం తెలుసా? ఏదో నొక్కుతున్నాడు, అంతే.

కెమెరా కొన్నాను. టవర్ కింద బిగించాను, కంచె కేసి చూసేట్టు. అందులో ఏం పడింది? కుందేళ్ళు పడ్డాయి. హార్లన్ పడ్డాడు, అలాగే నిలబడి పైకి చూస్తూ. కంచె ఒక్కసారి కూడా దాటలేదు. దాటకపోవడమే నాకు సాక్ష్యం. దాటకుండా చేస్తున్నాడంటే ఎంత తెలివైనవాడై ఉండాలి అనుకున్నాను. పద్మజకి చూపించి చెప్పాను కూడా. ఆవిడ దుప్పట్లు మడత పెడుతూ, ఆయన ఊరికే చూస్తున్నాడేమో అంది. ఊరికే ఎవరు చూస్తారు అన్నాను.

పోయిన నెల మంచు తుపాను వచ్చింది చూశావా, నీకు వీడియో పంపాను. వరసగా మబ్బు. ప్యానెళ్ళ మీద మంచు గడ్డకట్టి, పసుపు గీత నేలకి అంటుకుపోయింది. గాలి ఒక్కటే దిక్కు. గాలి బాగానే ఉంది, నీలం గీత పొద్దున్నంతా లేచి నిలబడింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

లేచేసరికి హీటర్ ఫ్యాన్ చప్పుడు లేదు.

బ్యాటరీ అయిపోయింది. జనరేటర్ వేద్దామని వెళ్తే, చలికి డీజిల్ పేరుకుపోయి అది స్టార్ట్ కాలేదు. గదుల్లో ఉన్నదల్లా ఒక్క జంట, చంటిపిల్లతో. రోడ్డు మూసేస్తే ఆగిపోయినవాళ్ళు. ఆ పిల్ల తల్లి దుప్పటి చుట్టుకుని బయటికొచ్చి, కార్‌లో హీటర్ వేసుకుని కూర్చుంటామంది. ఆ మాట వింటే నాకెలా ఉంటుంది చెప్పు? మోటెల్ పెట్టుకున్నవాడి దగ్గర గది తీసుకుని, కార్‌లో కూర్చోవడమా?

పద్మజ వాళ్ళని మా వంటింట్లోకి తీసుకొచ్చింది. గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచింది. ఆ పిల్లని ఒళ్ళో వేసుకుని పొయ్యి పక్కన కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చలికి అనుకున్నాను.

ఇక ఆగలేదు నేను. రోడ్డు తెరవగానే టౌన్‌కి వెళ్ళాను. అక్కడ సామాన్ల కొట్టులో హార్లన్ కనిపించాడు, పశువుల ఉప్పు బస్తా భుజాన వేసుకుని. అందరూ ఉన్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నా మర నువ్వే ఆపుతున్నావ్, చంటిపిల్ల చలికి చచ్చేది, నీకు మనసెలా ఒప్పింది అని అరిచాను. నా ఇంగ్లీషు ఎప్పుడూ అంత బాగా రాలేదు. కొట్టులో అందరూ మాకేసి తిరిగారు.

ఆయన బస్తా దించాడు. చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"సరే, నేనే అనుకో," అన్నాడు. "ఇంక జరగదు."

డబ్బులిచ్చి, బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

దారంతా నాకు పండగే. ఇంటికొస్తూనే పద్మజతో చెప్పాను. చెప్పానా లేదా, వాడేనని? అందరి ముందూ ఒప్పుకున్నాడు, ఇక షెరీఫ్ ఆఫీస్‌కి వెళ్ళి కంప్లైంట్ ఇచ్చేస్తాను అన్నాను. ఆవిడ లాండ్రీలో తువ్వాళ్ళు మిషన్‌లోంచి తీస్తోంది. తీస్తున్నది ఆపేసింది. తడి తువ్వాలు చేతిలో అలాగే ఉంది.

"ఆయన కాదండీ," అంది. "నేను."

నువ్వేమిటి అన్నాను.

"మర ఆపేది నేను."

బాబూ, ఆ క్షణం నాకు కోపం కూడా రాలేదు. ఆవిడ ఏ భాషలో మాట్లాడుతోందో అర్థం కాలేదు. లాండ్రీ వెనకే కదా కరెంటు గది. ఇన్వర్టరూ, బ్యాటరీలూ, ఆ ఎర్ర స్విచ్చీ అన్నీ అక్కడే. నేను కంచె మీద కెమెరా పెట్టి కుందేళ్ళని కాపలా కాస్తుంటే, స్విచ్ మా ఇంట్లో, మా ఆవిడ చేతికి అందేంత దూరంలో ఉంది.

ఏమిటలా చూస్తున్నావ్?

ఆగాగు. బిగించిన రోజు నిన్ను అడిగిందా, దీన్ని ఎలా ఆపాలని?

అడిగిందన్నమాట. నువ్వు చెప్పావన్నమాట. జోరుగా తిరుగుతున్నప్పుడు టక్కున ఆపొద్దు ఆంటీ, గాలి కాస్త తగ్గేదాకా ఆగి అప్పుడు స్విచ్ తిప్పండి అని. నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. అడగలేదంటావా? నేను తిరిగేదాన్ని కొనుక్కున్నాను, ఆపడం గురించి ఎందుకు అడుగుతాను?

సరే. ఆవిడ చెప్పింది విను.

చలికాలం మొదట్లో పద్మజ వెనక తీగ మీద దుప్పట్లు ఆరేస్తుంటే, కంచె దగ్గరికి లొరెట్టా వచ్చిందట. మొగుడి కోటు తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని. తలలో గడ్డ బాబూ ఆమెకి, ఈ వివరాలన్నీ తర్వాత హార్లన్ చెప్పినవి. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ ఇచ్చారు. అప్పట్నుంచీ చప్పుడు పడదు. రాత్రి నిద్ర రాదు, పొద్దున్నంతా మందుల మత్తూ వాంతులూ. మధ్యాహ్నమే కాస్త కన్ను మూతపడేది. ఆ టైంకే ఇక్కడ గాలి ముదురుతుంది. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని, ఇది ఎప్పుడైనా ఆగుతుందా అని అడిగిందట. అంతే అడిగింది. ఆపమనలేదు.

పద్మజ ఇంగ్లీషు నీకు తెలుసుగా. చెక్ ఔట్ లెవెన్, టవల్స్ హియర్, థ్యాంక్యూ కమ్ అగైన్. అంతకుమించి రాదు. ఆ ఒక్క మాట మాత్రం అర్థమైంది. లోపలికి వచ్చి, గాలి తగ్గేదాకా నిలబడి, ఆపేసింది. నేను లేచే టైంకి మళ్ళీ వేసేసింది. నేను మిట్ట మీదకి పరిగెత్తిన రోజు కిటికీలోంచి చూసి గబుక్కున వేసేసిందట. మర్నాడు కూడా. నేను టౌన్‌కి వెళ్ళిన రోజు ఇంకాస్త ఎక్కువసేపు. ఎండ బాగా ఉన్న రోజు భయం లేకుండా ఆపేదట, ప్యానెళ్ళు చూసుకుంటాయిలే అని. ఆ లెక్క నాకంటే ఆవిడకే బాగా పట్టుబడింది.

మరి ఆ తుపాను రోజు? అదే అడిగాను. ప్యానెళ్ళు మంచు కింద ఉన్నాయని తెలిసి కూడా ఎందుకు ఆపావు అన్నాను. ఆ పొద్దున లొరెట్టా నేల మీద పడిపోయిందట, మూర్ఛ వచ్చి; హార్లన్ కంచె దగ్గరికి వచ్చి సైగలతో చెప్పాడట. పద్మజ కొద్దిసేపు ఆపుదామనుకుంది. బ్యాటరీ అంత తొందరగా అయిపోతుందనుకోలేదు, జనరేటర్ మొరాయిస్తుందనుకోలేదు. ఆ పిల్లని ఒళ్ళో వేసుకున్నంతసేపూ దాని కాళ్ళు రుద్దుతూనే ఉంది, నాకు గుర్తుంది. ఇటు చూస్తే ఈ పిల్ల, అటు చూస్తే ఆమె, నేనేం చెయ్యనండీ అని ఏడ్చింది.

నేను ఊరుకోలేదు. అనాల్సినవన్నీ అన్నాను. ఇకమీదట ఆ స్విచ్ జోలికి వెళ్ళావంటే బాగుండదన్నాను. తలూపింది.

నిజం చెప్పనా, తలూపినా నమ్మలేదు. ఆవిడ చెప్పింది కూడా పూర్తిగా నమ్మలేదు. ఒకటి దాచిన మనిషి ఇంకోటి దాచదా? ఇంత చిన్న మర, అంత దూరానికి ఏం వినిపిస్తుంది? ఈ ఆఫీసులో కూర్చుంటే నాకు ఏమీ వినపడదు. టీవీ మోగుతుంటుంది, ఐస్ మిషన్ గుర్రుమంటూ ఉంటుంది. వాళ్ళిద్దరూ కలిసి నా భార్యని మాటల్లో పెట్టి, జాలి పుట్టించి, మర తీయించే ఎత్తు వేశారేమో? జబ్బు అబద్ధమేమో? అలా అనుకున్నాను. ఛీ అనకు. అనుకున్నాను కాబట్టే చెప్తున్నాను.

చూద్దామని వెళ్ళాను. క్షమించమని అడగడానికి కాదు బాబూ, పరీక్ష చెయ్యడానికే వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం చేసి, పడుకోబోతున్నట్టు గదిలోకి వెళ్ళి, వెనక తలుపు తీసుకుని బయటపడ్డాను. కంచె పక్కనుంచి నడిచి వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాను.

హార్లన్ తలుపు తీశాడు. కొట్టులో నన్ను చూసినట్టే చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. పక్కకి తప్పుకున్నాడు.

ముందు గదిలోనే ఆమె మంచం. కిటికీలకి కంబళ్ళు మేకులు కొట్టి బిగించారు. సందుల్లో పాత బట్టలు కుక్కారు. ఎందుకో అడగక్కర్లేదు. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళ మీద తడిగుడ్డ. తల మీద జుట్టు లేదు, పక్కన కుట్ల మచ్చ. అది అబద్ధం కాదు. పక్కన బల్ల మీద మా వంటింటి స్టీలు గిన్నె ఉంది. రాగి జావ. రెండ్రోజులుగా ఆ ఒక్కటే కడుపులో నిలుస్తోందని హార్లన్ చెప్పాడు. మా ఇంట్లో రాగిపిండి ఎందుకు అయిపోతోందో ఆ రోజు తెలిసింది నాకు.

కూర్చున్నాను. మొదట ఏమీ వినపడలేదు. చూశావా అనుకున్నాను మనసులో.

ఆ తర్వాత గాలి లేచింది.

ఎలా చెప్పను. తడిబట్టని బండకేసి కొడుతున్నట్టు. ఎక్కడో దూరంగా, కానీ ఆగకుండా. చెవికి కాదు, ముందు కాళ్ళకి తెలుస్తుంది. నేలలోంచి వచ్చి, కుర్చీ కాళ్ళు ఎక్కి, వెన్నులోకి వస్తుంది. వినకూడదనుకుంటే ఇంకా వినిపిస్తుంది. ఒకటి పడగానే ఇంకోటి ఎప్పుడు పడుతుందా అని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చుంటాం. నేనే బిగబట్టాను. కాసేపటికే పళ్ళు కొరుకుతున్నాను. జబ్బు లేని మనిషిని నేను. ఆమె రెండు చేతులతో దుప్పటి పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడి. మూలగలేదు. నా ముందు మూలగడం మర్యాద కాదనుకుందేమో.

నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ ఎక్కడికి వెళ్ళను? ఆ మర నాదేగా.

అంతలో ఆగిపోయింది.

నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. పద్మజ. నేను పడుకున్నాననుకుంది. జోలికి వెళ్ళొద్దని చెప్పినా, తలూపి కూడా, మళ్ళీ ఆపింది. కోపంతో లేవబోయాను. అప్పుడే లొరెట్టా మొహం చూశాను. నీళ్ళలో తడిసిన కాగితం విచ్చుకున్నట్టు, ఒక్కో ముడతా వదులైంది. దుప్పటి వదిలేసింది. తల పక్కకి వాల్చింది. నేను చూస్తుండగానే నిద్రపోయింది.

హార్లన్ గొంతు తగ్గించి అన్నాడు. "ఈ టైం కోసమే పొద్దుట్నుంచీ చూస్తాం. ఆగిందా లేదా అని నేను కంచె దాకా వచ్చి చూసుకుంటాను."

అదీ ఆయన పైకి చూడడం.

మరి కొట్టులో నువ్వేనని ఎందుకన్నావు అని అడిగాను. భుజాలు ఎగరేశాడు. నువ్వు ఇంటికెళ్ళి మీ ఆవిడని ఏమంటావో నాకు తెలియదు కదా అన్నాడు. నన్ను బాగానే చదివాడు. ఆయనకీ నా మీద అనుమానమే మరి. తప్పేముంది?

ఇంటికొచ్చేసరికి పద్మజ తువ్వాళ్ళు మడత పెడుతోంది. నా బూట్లకి ఎర్రమట్టి ఉంది. చూసింది. ఎక్కడికెళ్ళానో తెలిసిపోయింది. మధ్యాహ్నం పూట మర ఆపడం అప్పట్నుంచీ దాపరికం లేకుండా నడుస్తోంది. చాలనిది డీజిల్‌తో సర్దుకుంటున్నాం. అందుకే నిన్ను రావద్దన్నది.

వచ్చావు కాబట్టి ఒక పని చెయ్. ఆ టవర్‌ని మిట్ట మీంచి తీసి, పడమటి వైపు, రోడ్డు అవతలికి మార్చగలవేమో చూడు. గాలి కొంచెం తగ్గినా ఫర్వాలేదు. తగ్గినదానికి నేల మీద ఇంకో వరస ప్యానెళ్ళు నిలబెట్టు, మంచు జారిపోయేట్టు ఏటవాలుగా. కుదురుతుందో లేదో నిజమైన మాట చెప్పాలి, అమ్ముకోవడానికి చెప్పే మాట కాదు. చూశావా, మళ్ళీ అనుమానం. అదంతే, పోదు.

లొరెట్టా సంగతా? ఏమో. డాక్టర్లు ఇంకో స్కాన్ అంటున్నారు. మీ ఆంటీ ఇప్పుడు అక్కడే ఉంది. పొద్దున్నే పని ముగించుకుని వెళ్ళి కూర్చుంటుంది. ఇద్దరికీ భాష లేదు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే, ఏమీ మాట్లాడుకోం అంటుంది. ఏమీ మాట్లాడుకోకుండా అంతసేపు కూర్చుంటారా ఎవరైనా? నాతో అంతసేపు ఎప్పుడు కూర్చుంది?

అడిగాను బాబూ. ఇంత జరుగుతుంటే నాకు ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ చెప్పిన జవాబు విను.

"చెప్తే మీరు వద్దనేవారు. వద్దన్నాక ఆపితే మీ మాట తోసేసినట్టవుతుంది. చెప్పకపోతే ఆ గొడవ లేదు కదా."

నాకు దాని మీద ఎంత ఆలోచించినా తేలలేదు. ఇది నన్ను గౌరవించడమా, మోసం చెయ్యడమా? పైగా వద్దంటానని ఎలా అనుకున్నావ్ అని గదమాయించాను. అంటే ఆవిడ నాకేసి చూసి ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? వద్దనేవాణ్ణే. హార్లన్ పెళ్ళామా, బాగా అయింది అని కూడా అనేవాణ్ణేమో.

ఇక అప్పట్నుంచీ నా పరిస్థితి ఏమిటంటే, కూరలో ఉప్పు తగ్గితే, డాక్టర్ ఏమన్నా చెప్పాడా నాకు చెప్పకుండా, అనిపిస్తుంది. మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఆవిడ ఫోన్ పట్టుకుని బయటికెళ్తే, ఏం దాస్తున్నారు అనిపిస్తుంది. ఇన్నేళ్ళ కాపురం, పక్క మనిషిని ఒక్కసారి కూడా అనుమానించలేదు నేను. ఊళ్ళోవాళ్ళందరినీ అనుమానిస్తూ, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు మూసుకుందామన్నా మూతపడట్లేదు.

నిన్న అడిగేశాను. వంటింట్లో ఉంది, పప్పులో పోపు పెడుతోంది. గుమ్మంలో నిలబడి, నాకు చెప్పనివి ఇంకా ఏమైనా ఉన్నాయా అన్నాను.

తలెత్తలేదు. గరిటె తిప్పుతూనే ఉంది.

"ఉన్నాయి," అంది.

అంతే. పప్పు దించి, పళ్ళెం పెట్టి, భోజనానికి రమ్మంది. వెళ్ళి కూర్చుని తిన్నాను.

ఏమిటవి అని అడగలేదా అంటావా? లేదు. అడగలేదు, అడగను కూడా. అడిగితే చెప్పేస్తుంది బాబూ.